జి-ఐదులో ఎవరూ లేరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. కోటు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుంటే ఊరుకోను. "ఊపిరి వదలండి, రేపు ఈ కోటు తొడుక్కుని ఊపిరి బిగబట్టుకునే తిరుగుతారా?" అని మొహం మీదే అడుగుతాను. అయినా వస్తారు. నా కత్తెర పనితనం అలాంటిది.

ఆ కత్తెర సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే నాకు చదరంగం అక్కణ్ణుంచే వచ్చింది. నాకు పని నేర్పిన మాస్టారికి ఒక పట్టుదల ఉండేది. గుడ్డకు కత్తెర తగిలించే ముందు, ఈ కోతతో ఇక ఏది కుదరదో పైకి చెప్పాలి. "ఇక్కడ కోస్తే చేతి దగ్గర మడత మిగలదు" అనో, "తర్వాత చంక వదులు చేయడానికి గుడ్డ ఉండదు" అనో చెప్పి, అప్పుడు కోయాలి. సుద్దగీతనైతే ఎన్నిసార్లయినా దులుపుకోవచ్చు, కోసిన గుడ్డ కలవదు కదా. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆయన కటింగ్ బల్ల మీదే చదరంగం పరిచేవారు. అక్కడా అదే చాదస్తం. గుర్రాన్నీ శకటునీ ఏనుగునీ పంపి, నచ్చకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు. బంటు మాత్రం వెనక్కి రాదు. కాబట్టి బంటును తోసేవాళ్ళు, అది ఏయే గళ్ళకు కాపలా మానేస్తోందో నోరు తెరిచి చెప్పాలి. చెప్పకుండా తోస్తే ఆ ఎత్తు చెల్లదు.

మాస్టారి తర్వాత దుకాణం నాకొచ్చింది, బల్ల వచ్చింది, దాంతోపాటు చాదస్తమూ వచ్చింది. దాన్ని నేను మా పిడుగుకి అంటించాను.

పిడుగు మా చెల్లెలి కూతురు. చెల్లెలిది రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఇంట్లో కన్నా బోగీల్లోనే ఎక్కువ కాపురం చేసింది. అందుకని పిల్ల నా దుకాణంలో గుడ్డపీలికల మధ్య పెరిగింది. బల్ల అందే ఎత్తు రాగానే చదరంగం మీద పడింది. దానికి బంట్లంటే పిచ్చి. అన్నిటినీ ఒక్కసారే పరిగెత్తించాలని చూసేది.

"ఏం వదిలేస్తున్నావే?" అని అడిగేదాన్ని.

"ఏం వదల్లేదు పెద్దమ్మా, ముందుకెళ్తున్నా!"

"ముందుకెళ్తే వెనకాల ఖాళీ అవుతుంది. ఏ గళ్ళు ఖాళీ అయ్యాయో చెప్పి వెళ్ళు. లేదంటే బంటుని తీసి మళ్ళీ దాని చోట్లో పెట్టు."

ఏడ్చేది, కాళ్ళు నేలకేసి కొట్టేది, నా కాజాల ఆయన దగ్గరికి వెళ్ళి పితూరీలు చెప్పేది. కాజాల ఆయనంటే మా దుకాణంలో గుండీలూ కాజాలూ కుట్టే పెద్దమనిషి. చిన్నప్పటి నుంచీ ఎవరి మాటా కాదనలేని మెతక మనిషి కాబట్టి, ఇద్దరికీ తలూపేవాడు. అలా ఏడుస్తూనే నేర్చుకుంది. ఇప్పుడు ఎంత నేర్చుకుందంటే, నన్ను ఓడించడానికి దానికి సగం మనసు చాలు. రెండో సగంతో బిస్కెట్లు నముల్తుంది.

ఈ మధ్య దానికి ఇంకో ఊరినుంచి పిలుపొచ్చింది. పెద్ద చదరంగం బడి. అక్కడ పిల్లలకు నేర్పుతూ, వాళ్ళ జట్టులో తనూ ఆడాలి. దాని చేతికి అంతకన్నా తగిన పని నేను ఊహించలేను. ఆ మాట చెప్పిన రోజు దుకాణం షట్టరు సగం దించి, ఇద్దరం బల్ల చుట్టూ గంతులేశాం. నా వయసుకు అది కాస్త ఎక్కువే.

నా కంటి సంగతి అప్పటికే మొదలైంది.

మొదట తెలిసింది చదరంగం బల్ల మీదే. ఒకరోజు రాజు చుట్టూ ఉన్న గీతలు వంగి కనిపించాయి. బల్ల తడికి ఉబ్బిందేమోనని చేత్తో రాసి చూశాను. చదునుగానే ఉంది. తర్వాత టేపు మీద అంకెలు అలుక్కుపోవడం మొదలైంది. కంటి డాక్టరు నా చేతికి గళ్ళ కాగితం ఒకటిచ్చి, మధ్యలో చుక్కను చూస్తూ గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చెప్పమన్నాడు. నాకే గళ్ళ పరీక్షా అని నవ్వొచ్చింది. చుక్క దగ్గర గీతలు కొంకర్లు పోయాయి, ఒకచోట గళ్ళే లేవు. పూర్తిగా చీకటి కాదు, పక్కచూపు మిగులుతుంది, నడిమి చూపు పోతుంది, సూదిమందుతో కొంత నెమ్మది చేయగలం అన్నాడు. ఎవర్నైనా వెంటబెట్టుకుని రమ్మన్నాడు. వస్తానన్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటారా? చెబితే అది వెళ్ళదు. ఆ పిల్ల గురించి నాకు తెలియంది ఏముంది! పెట్టె విప్పి బట్టలన్నీ మళ్ళీ బీరువాలో సర్దేసి, "ఆ ఊళ్ళో నీళ్ళు బాగుండవట" అని ఏదో కారణం చెప్పి, నా సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంటుంది. నాకు అదొక్కటే భయం. ఆదివారం రైలు కదిలే దాకా దాచగలిగితే చాలనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం దుకాణానికి సెలవు. వెళ్ళేముందు చివరి ఆట ఆడదామంది. కాదంటే అనుమానం వస్తుంది. సరే, నల్లపావులు నావి అన్నాను. నల్లవైపు నేనెప్పుడూ ఆడేది ఒకటే ఆట, దాన్ని డ్రాగన్ అంటారు. రాజు ముందరి బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటును కిటికీలో కాపలావాడిలా కూర్చోబెడతాను. తెల్లవైపు వాళ్ళు తమ రాజును రెండో మూలకు దాచేసి, ఇవతల పక్క బంట్లను నా రాజు మీదకు ఉసిగొల్పుతారు. చాలా దూకుడైన ఆట. ఒక్క ఎత్తు ఆలస్యమైతే కొంప మునుగుతుంది. అందుకే మొదటి ఎత్తులన్నీ ఇద్దరికీ కంఠతా వచ్చు. నాకు కావలసింది అదే. బంటు కదిలినప్పుడు ఎలాగూ పైకి చెబుతుంది, మిగతా పావులు ఎక్కడికెళ్తాయో నాకు ముందే తెలుసు. తెలిసిన దారి అయిపోగానే ఆకలేస్తోందని లేచిపోవచ్చు. నా ఎత్తు నాకే ముద్దొచ్చింది.

బల్లకు ఎదురుగా కూర్చుంది. దాన్ని సూటిగా చూస్తే మొహం ఉండాల్సిన చోట మసక. కొంచెం చెవి వైపు చూస్తే అప్పుడు ముక్కు, నవ్వు, నుదుటి మీద జుట్టు కనిపిస్తాయి. అలా పక్కకు చూస్తే కనిపెట్టేస్తుందని సూటిగానే చూశాను. రేపు వెళ్ళిపోయే పిల్ల మొహాన్ని చూడకుండా మసకను చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను.

ఆట మొదలైంది. గబగబా నడిచింది. పావు బల్లను తాకిన చప్పుడు, నా చెయ్యి, మళ్ళీ చప్పుడు. అది రాజును మూలకు చేర్చింది. నేను నా శకటును కిటికీలో పెట్టాను. అప్పుడు అంచు బంటును తోసి గడి పేరు చెప్పింది. నిలువు వరుస అక్షరం, అడ్డు వరుస అంకె కలిపితే గడి పేరు.

"హెచ్-నాలుగు. జి-మూడు వదిలేస్తున్నా."

"నా రాజు మీదకే?"

"మరి ముద్దుపెట్టుకోవడానికా?"

నేనూ నా అంచు బంటును దానికి ఎదురుగా తోశాను. "హెచ్-ఐదు. జి-ఆరుకి ఒక కాపలా తగ్గింది. జి-ఐదుని ఇక ఈ బంటు కాయలేదు."

ఆ జి-ఐదే ఈ ఆటలో నాకున్న బొక్క. దాని బంటును ఆపాలంటే అది తప్పదు. తెల్లవైపు వాళ్ళు వెంటనే శకటును తెచ్చి అందులో కూర్చోబెడతారు. పిడుగూ ఎప్పుడూ అదే చేస్తుంది. పావు తాకిన చప్పుడు వినబడింది.

"రా రా," అన్నాను ఆ గడి వైపు వేలు చూపిస్తూ. "జి-ఐదు ఖాళీ అవ్వగానే వచ్చి తిష్ట వేశావా? ఎన్నాళ్ళు కూర్చుంటావో నేనూ చూస్తా." అని నా ఏనుగును మూడు గళ్ళు ముందుకు నడిపాను.

దాని చెయ్యి కదల్లేదు. బిస్కెట్టు నమిలే చప్పుడు కూడా ఆగింది.

"పెద్దమ్మా, జి-ఐదులో ఎవరున్నారు?"

"నీ శకటు."

"ఎవరూ లేరు. నేను రాజుని ఒక గడి పక్కకి జరిపా."

తల పక్కకు తిప్పి చూశాను, ఇక దాచి ఏం లాభం? నల్లగడి. ఖాళీగా ఉంది. దాని శకటు ఇంకా ముందున్న చోటే ఉంది.

"చూసుకోలేదే. పరధ్యానం," అన్నాను.

"మా దగ్గర నీ పప్పులుడకవు. నువ్వు ఖాళీ గడిని చూసి తిట్టావు. నువ్వు ఎవర్ని తిట్టినా మనిషిని చూసి తిడతావు కదా."

అది లేచి నా పక్కకొచ్చి బల్ల అంచున కూర్చుంది. "ఎప్పట్నుంచి?" అంది. చెప్పాను. డాక్టరు మాటా చెప్పాను. గళ్ళ కాగితం సంగతీ చెప్పాను.

"అయితే నేను ఉండిపోతా," అంది.

నేను అబద్ధం ఆడను. ఆ మాట వినగానే ఒక్క క్షణం నా ప్రాణం లేచి వచ్చింది. ఉండిపోతే ఎంత బాగుంటుంది! పొద్దున్నే దాని చెప్పుల చప్పుడు వినబడుతుంది, కొత్త గుడ్డ రంగేదో అడగొచ్చు, మధ్యాహ్నం బల్ల మీద ఆడుకోవచ్చు. అంతా ఒక్క క్షణమే. ఆ వెంటనే నాకు పట్టలేని కోపం వచ్చింది. దాని మీద కాదు, నా మీద.

"ఉండిపోతే నాకు సూదిలో దారం ఎక్కుతుంది. నీకేం ఎక్కుతుందే? వయసా? నోరుమూసుకుని రేపు రైలెక్కు!"

"అరవకు. నువ్వు తప్పుటెత్తు వేశావు, అది చెల్లదు."

"ఏ ఎత్తు?"

"నన్ను తోశావుగా ముందుకి. వెనకాల ఏ గళ్ళు ఖాళీ అవుతాయో చెప్పకుండా తోశావు. మనింట్లో అలా తోస్తే చెల్లదు." వేలితో బల్ల మీద కొట్టింది. "చిన్నప్పుడు నేను ఎంత ఏడ్చినా ఒప్పుకునేదానివా? బంటుని తీసి మళ్ళీ దాని చోట్లో పెట్టించేదానివి. ఇప్పుడు నువ్వు చెప్పు. అన్నీ చెప్పు. లేకపోతే నేను కదలను."

నా చాదస్తం తెచ్చి నా మొహానే కొట్టింది. మాస్టారు ఉంటే చప్పట్లు కొట్టేవారు. మొహం మాడ్చుకుని మొదలుపెట్టాను. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టలేకపోతున్నా అన్నాను. టేపు మీద అంకెలు. బస్సు మీద ఊరి పేరు. మందు సీసా మీద రాసింది. చెప్పేకొద్దీ ఒక్కొక్కటీ బయటికొచ్చి ఎదురుగా కూర్చుంటుంటే నాకే భయమేసింది. మెట్ల సంగతి మాత్రం చెప్పలేదు. అది చెబితే ఇంక కదలదని తెలుసు.

అది కళ్ళు తుడుచుకుంది. తర్వాత నేను అనుకోని పని చేసింది. నేను చెప్పిన చిట్టాను ఆట బల్లను చూసినట్టు చూడటం మొదలుపెట్టింది.

"సరే. నువ్వే కదా చెప్పేదానివి, గడి ఖాళీ అయినంత మాత్రాన భయపడక్కర్లేదని. అక్కడికి ఎవరైనా వచ్చి కూర్చోగలిగితేనే అది బొక్క. మనవాళ్ళెవరో ఒకరు కాస్తుంటే ఏం కాదు."

"అది చదరంగంలో."

"టేపు ఇలా ఇవ్వు."

టేపు తీసుకుని, సూదిలో లావు దారం ఎక్కించి, అంకె అంకె దగ్గరా ఒక ముడి వేయడం మొదలుపెట్టింది. పెద్ద అంకె దగ్గర జంట ముడి. సగంలో ఆపి నా వేళ్ళ కింద పెట్టింది. తడిమి చూస్తే నడుం కొలత వేళ్ళకే తెలిసిపోతోంది. ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదే అని ఉడుక్కున్నాను. నల్లదారం కుట్లన్నీ కాజాల ఆయనకు ఇచ్చేయమంది. సూదిమందు రోజున వాళ్ళమ్మ బండి దిగి నాతో వస్తుందంది.

"మీ అమ్మా? సొంత కూతురైనా టికెట్ లేకపోతే మధ్యలో దింపేసే మనిషి. నాకోసం బండి దిగుతుందా?"

"దిగుతుంది. నేను మాట్లాడతా. నువ్వు మధ్యలో అలగకు."

"మరి కత్తెర?" అన్నాను.

అది టేపు మీద ఇంకో ముడి వేసింది. నా కత్తెరను ఇన్నేళ్ళలో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, కాజాల ఆయన పొరపాటున దాంతో దారం తెంపితే పూటంతా సాధించాను. చివరికి నేనే అన్నాను. "కోతలు ఆయనకి నేర్పుతా. సుద్దగీత నేను గీస్తా, చెయ్యి ఇంకా గుడ్డిది కాలేదు. ఆయన కోస్తాడు. కోసే ముందు ఏది కుదరదో నాకు పైకి చెప్పాలి."

"పాపం ఆయన," అని నవ్వింది. నవ్వుతూనే నా భుజం మీద వాలిపోయి ఏడ్చింది. నేను దాని చెవి వైపు చూశాను, మొహమంతా కనిపించింది. ఇక దాచాల్సింది లేదు కదా, తనివితీరా చూసుకున్నాను.

ఆదివారం రైలెక్కింది. కిటికీలోంచి ముడుల టేపు గురించి, మందు వేళల గురించి చెప్పిందే చెప్పింది. రైలు కదలగానే నేను వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. చూసినా మసకే కదా అని సర్దిచెప్పుకున్నాను.

సోమవారం కాజాల ఆయన చేతికి మొదటిసారి కత్తెర ఇచ్చాను. ఆయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని, "ఇక్కడ కోస్తే... ఇక్కడ కోస్తే మీరు తిడతారు," అన్నాడు. అది కాదు చెప్పాల్సింది అని అరిచాను. అయినా నవ్వాగలేదు.

సాయంత్రం షట్టరు సగం దించి, కాజాల ఆయన గుండీలు సర్దుతుండగా బల్ల దగ్గర కూర్చున్నాను. పావులు పెట్టలేదు. ఫోను మోగింది. కొత్త గది, కిటికీ, పక్కగదిలో తబలా నేర్చుకునే మనిషి, అన్నీ చెప్పింది. తర్వాత, "తెల్లపావులు నావి. మొదలుపెట్టనా?" అంది.

"పెట్టు. నాకు బల్ల అక్కర్లేదు."

"ఇ-నాలుగు. డి-మూడు, ఎఫ్-మూడు వదిలేశాను." తర్వాత గొంతు తగ్గించింది. "నిన్ను కూడా, పెద్దమ్మా."

"పిచ్చిదానా! నేను నీ వెనకాల గడినటే? నీ ఎదురుగా కూర్చున్నదాన్ని. ఇప్పుడూ అక్కడే కూర్చున్నా. ఆడు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "నాది అయిపోయిందిగా, నీదే ఎత్తు," అంది.

ఎత్తు నాదే. "సి-ఐదు," అన్నాను. "బి-ఆరు, డి-ఆరు వదిలేశాను."

చెల్లాలంటే అంతా చెప్పాలి. ఖాళీ బల్ల మీద చెయ్యి ఆనించుకున్నాను.

"మెట్లు కూడానే," అన్నాను.

"ఏ మెట్లు?"

"దుకాణం మెట్లు. చీకటి పడితే ఆఖరి మెట్టు కనబడట్లేదు. మొన్న చెప్పలేదు నీకు."

అది తిట్టలేదు, వచ్చేస్తాననీ అనలేదు.

"రేపు కాజాల ఆయనతో ఆఖరి మెట్టు అంచుకి తెల్లరంగు వేయించు. ఇవాళ ఆయన చెయ్యి పట్టుకుని దిగు," అంది. "గుర్రం, ఎఫ్-మూడు."

కాజాల ఆయన గుండీల డబ్బా మూసి, తలుపు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు. ఒక్క ఎత్తు ఆగమని ఆయనకు చెప్పాను.